తాడిపత్రికి బూజు ఎక్కడ పడుతుంది?

ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో నిమ్జ్ పారిశ్రామిక వాడ పేరు వినబడ్డప్పటి నుంచి ఈ చుట్టుపక్కల ఐటీఐ, డిగ్రీ పిల్లల చూపంతా బండ్ల ఫ్యాక్టరీల మీదే ఉంది. జహీరాబాద్‌లో మహీంద్రా ఉంది కాబట్టి అది సహజమే. కానీ అల్లం కుప్ప మీద కప్పే తాడిపత్రి నుంచి మిలిటరీ గుడారం దాకా కోటింగ్ బట్టల పని కూడా ఒకటుంది. ఊరు దాటి వెళ్లడానికి సిద్ధమైతే, కెమిస్ట్రీ చదివినవాళ్లకు అందులో మంచి చోటు క్వాలిటీ విభాగం.

అక్కడ నిలదొక్కుకోవాలంటే బూజు సంగతి తెలియాలి. నీళ్లు కారితే మొదటి వానకే బయటపడుతుంది. బూజు అలా కాదు, గోదాములో మడతల మధ్య నెలల తరబడి పెరిగి, చివరకు సరుకు వాపసు వచ్చాక తెలుస్తుంది.

పూతకు వాడే పీవీసీని బూజు దాదాపు ముట్టదు. దాన్ని మెత్తబరచడానికి కలిపే ప్లాస్టిసైజర్లలో కొన్ని, ముఖ్యంగా సోయా నూనె నుంచి వచ్చేవి, బూజుకు మేత. లోపలి బట్ట నూలుదైతే అదీ మేతే. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం నూలు గుడారాలు కుళ్లిపోయాయి. వాటి మీద దొరికిన ట్రైకోడెర్మా రీసై అనే బూజునే ఇవాళ ఎంజైముల పరిశ్రమ పెంచి వాడుకుంటోంది! పాలిస్టర్ పోగును బూజు తినలేదు గానీ, నేతలో పెట్టిన గంజి మిగిలితే అక్కడ మొలుస్తుంది. రోల్ రాగానే మూలన అయొడిన్ చుక్క వేయండి. నీలం తేలితే గంజి పోలేదన్నమాట. బట్ట పూర్తిగా ఆరకుండా కోటింగ్‌కు పంపనివ్వకండి.

ఇక అంచులు. రెండు వైపులా పూత ఎంత మందంగా ఉన్నా, కోసిన అంచులోంచీ కుట్టు రంధ్రాల్లోంచీ నీళ్లు పోగుల వెంట లోపలికి పాకుతాయి. నా లెక్కన ఫిర్యాదుల్లో ముందు చూడాల్సింది ఇదే. కుట్టుకు బదులు వేడితో అతికించడం, నీళ్లు పీల్చని పోగు అడగడం దీనికి మందు.

బూజు మందును పూత పేస్టు కలిపేటప్పుడే వేస్తారు. ఓవెన్‌లో 160 నుంచి 200 డిగ్రీల వేడికి అది తట్టుకోవాలి. తూకం తగ్గినా కంటికి కనబడదు కాబట్టి బ్యాచ్ రిజిస్టర్ మీరే రాయండి. ఆర్సెనిక్ ఉన్న ఓబీపీఏ మందు ఒకప్పుడు బాగా నడిచేది. డ్రమ్ము మీద ఏ మందు పేరున్నా దాని భద్రతా పత్రం అడిగి చదవండి, గ్లవ్స్, మాస్కు లేకుండా తూకానికి కూర్చోకండి.

బూజును తట్టుకుంటుందో లేదో చూసే ఏఎస్‌టీఎం జీ21 పరీక్షలో ముక్క మీద బూజు విత్తనాలు చల్లి 28 రోజులు తేమలో ఉంచి, 0 నుంచి 4 దాకా మార్కులేస్తారు. సున్నా అంటే ఏమీ మొలవలేదని. కొత్త ముక్కకు సున్నా రావడం పెద్ద గొప్ప కాదు, ఎండకూ వానకూ మందు కొట్టుకుపోతుంది. ఇంటర్వ్యూకు వెళ్లినప్పుడు ఒక ప్రశ్న మీరే అడగండి: ఈ పరీక్ష మీ దగ్గర ముక్కను ఎండలో, నీళ్లలో ఉంచాక చేస్తారా, ముందే చేస్తారా?