తండ్రి వదలిన పాత పికప్పు: బాగుచేయు క్రమము



కొట్టము మూలన గోతాల క్రింద నిలిచిపోయిన పాత పికప్పు బండి మీలో కొందరి ఇండ్ల యందైనను ఉండవచ్చును. ఒకప్పుడు ఆ బండిలోనే మిరపకాయలు సంతకు పోయియుండును. ఆ బండిలోనే ఇంటి ఆడబిడ్డ కాన్పుకు ఆసుపత్రి చేరియుండును. తండ్రి గతించిన తరువాత కొడుకులకు దానిని పాత ఇనుముకు వేయ మనసొప్పదు. “నాయన బండి, ఎట్లయినా నడిపించవలె” అని బ్యాటరీ తగిలించి తాళము త్రిప్పుదురు. చాలామంది చేయు మొదటి పొరపాటు ఇదియే.

మన దేశములో మహీంద్రా కంపెనీ 1947లో జీపుల పనిలో ప్రవేశించినది. టాటా కంపెనీ 1988లో టాటామొబైల్ అను పికప్పును విడుదల చేసినది. ఆ కాలపు డీజిలు ఇంజనులలో కంప్యూటరు పెట్టెలు లేవు. పానాలతో విప్పి బిగించగల మెకానిక్కు వాటిని బాగుచేయగలడు. కాని ఇంజను మ్రోగినంత మాత్రమున బండి బాగైనట్లు కాదు. ఆత్మకూరు నుండి దోర్నాలకు పోవు దారి నల్లమల అడవిలో మలుపులు తిరుగుచు పోవును. అట్టి దారిలో బండి పోవుట కన్న ఆగుట ముఖ్యము. కావున ముందు కాగితములు, తరువాత చట్రము, ఖర్చు లెక్క, బ్రేకులు, ఆపైన ఇంజను, చిట్టచివర రంగు. ఈ క్రమము తప్పరాదు.

1. కాగితములు

యజమాని మరణించిన 30 దినములలో రవాణా శాఖ కార్యాలయమునకు తెలియజేసి, 3 నెలలలో ఫారము 31 పై వారసుని పేరునకు మార్పు కోరవలెను. గడువు దాటినవారు ఆలస్యమును దాచక కార్యాలయములో అడిగి తెలిసికొనవలెను. మరణ ధ్రువపత్రము, కుటుంబ సభ్యుల ధ్రువపత్రము, ఆర్.సి., బీమా సిద్ధము చేసికొనుడు. బండి ఒకరి పేరునకు మారవలెనన్న తల్లి, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్ర సమ్మతి ముందే వ్రాతపూర్వకముగా తీసికొనుట మంచిది. ఒకడు ఖర్చుపెట్టి బాగుచేసిన పిమ్మట “అందులో మాకును పాలు కలదు” అను మాట వచ్చినచో బండి కన్న ముందు ఇల్లు చెడును.

చట్రముపై కొట్టిన నంబరు ఆర్.సి.లోని నంబరుతో సరిపోవలెను. అప్పు తీరినను ఆర్.సి.లో ఫైనాన్సు పేరు మిగిలియున్నచో ఫారము 35 ద్వారా తీసివేయించవలెను.

2. చట్రము

బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, అడుగుభాగము కడిగి చూడవలెను. ఒక్క జాకీనే నమ్మి బండి క్రిందికి దూరరాదు. బలమైన దిమ్మెలు పెట్టియే దూరవలెను. కొట్టములో చాలకాలమున్న బండిలో పాములు, తేళ్లు చేరియుండవచ్చును. కర్రతో తట్టిన తరువాతనే చేయి పెట్టవలెను.

చట్రమును చిన్న సుత్తితో తట్టుచు పోవుడు. గట్టి ఇనుము ఖంగుమనును. తుప్పు తిన్నచోట శబ్దము మొద్దుగా వచ్చును. అచ్చట స్క్రూడ్రైవరుతో పొడిచిన పొరలు రాలును. స్ప్రింగు పట్టీలు తగిలించుచోట్లను, బురద నిలుచు మూలలను ముఖ్యముగా చూడవలెను. ఎరువుల మూటలు, పెంట తోలిన బండ్లలో తొట్టి క్రింది ఇనుము త్వరగా తుప్పుపట్టును, ఏలయన ఎరువులోని లవణములు తేమను పట్టి ఉంచును. చట్రము పలుచోట్ల తినియున్నచో దానిపై అతుకులు వేసి రంగు పూయుట ప్రాణాపాయము. అట్టి బండిని ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రమునకు అప్పగించి, రిజిస్ట్రేషను రద్దు చేయించుకొనుటయే మేలు.

3. ఖర్చు లెక్క

చట్రము బాగున్నచో మెకానిక్కు చేత అంచనా వేయించి, అప్పుడు లెక్క చూడవలెను. మాటవరుసకు మరమ్మతుకు 1,20,000 రూపాయలు అగుననుకొందము. ఏడాదికి 60 ట్రిప్పులు. బాడుగ బండికైన ట్రిప్పుకు 1,500 చొప్పున 90,000. సొంత బండికి డీజిలు, చిల్లర పనులకు ట్రిప్పుకు 600 చొప్పున 36,000. బీమా, పన్ను, ఫిట్‌నెస్‌లకు 24,000. మిగులు 30,000. మరమ్మతు సొమ్ము 4 ఏండ్లలో తిరిగి వచ్చును.

అదే బండికి 30 ట్రిప్పులే ఉన్నచో మిగులు 3,000 మాత్రమే. సొమ్ము రాబట్టుటకు 40 ఏండ్లు పట్టును! ఈ అంకెలు నమూనాకు మాత్రమే. మీ ఊరి ధరలు వేసికొని చూడుడు. నాయన మీది ప్రేమతో ఖర్చుపెట్టుట తప్పు కాదు. కాని అది ప్రేమ ఖర్చని తెలిసి పెట్టవలెను. పంట అప్పు తెచ్చి పెట్టరాదు.

4. బ్రేకులు, టైర్లు

బ్రేకు ద్రవము గాలిలోని తేమను పీల్చుకొనును. ఏండ్ల తరబడి నిలిచిన బండిలో ఆ తేమ వలన సిలిండర్లు తుప్పుపట్టును. రబ్బరు కప్పులు చెడును. నాలుగు చక్రములు విప్పి సిలిండర్లు, కప్పులు, హోసు పైపులు, లైనర్లు చూచి, చెడినవి మార్పించవలెను. బ్రేకు డబ్బాలో ఇంజను నూనె ఎన్నడును పోయరాదు. రబ్బరు ఉబ్బి బ్రేకు పూర్తిగా పోవును. కొత్త ద్రవము పోసిన పిమ్మట, మాస్టరు సిలిండరుకు దూరముగా నున్న చక్రముతో మొదలుపెట్టి గొట్టములలోని గాలిని తీయవలెను. పెడలును ఒక నిమిషము గట్టిగా త్రొక్కి పట్టుడు. అది మెల్లగా దిగిపోవుచున్నచో ఎచ్చటనో లీకు ఉన్నదని గ్రహించవలెను.

టైరు ప్రక్కన నాలుగు అంకెలుండును. 1216 అన్న 2016వ సంవత్సరపు 12వ వారములో తయారైనదని అర్థము. పూలు అరగకున్నను, ప్రక్కలు పగిలిన పాత టైరు బరువుకు ప్రేలును.

5. ఇంజను

మొదట ఇంజను నూనె చూడవలెను. నూనె పాలవలె తెల్లబడినచో లోనికి నీరు చేరినదని తెలియును. అట్టి ఇంజనును త్రిప్పరాదు. నూనె బాగున్నను ఇంజెక్టర్లు విప్పించి, ఒక్కొక్క సిలిండరులో కొంచెము ఇంజను నూనె పోసి ఒక రాత్రి ఉంచవలెను. మరునాడు క్రాంకు పుల్లీని పానాతో చేత్తో త్రిప్పుడు. అది సులువుగా తిరిగిన తరువాతనే సెల్ఫు వాడవలెను. పాత డీజిలు మొత్తము తీసివేసి, ట్యాంకు కడిగి, ఫిల్టరు మార్చి, చేతిపంపుతో గాలి తీయవలెను. ఎలుకలు కొరికిన వైర్లకు టేపు చుట్టుట చాలదు, మార్పించవలెను.

ఒక హెచ్చరిక. ఇంధన పంపులోని భాగములు బిగుసుకొన్నచో డీజిలు ఇంజను తాళము తీసినను ఆగక, వేగము హెచ్చుచు పోవును. కావున మొదటిసారి స్టార్టు చేయునపుడు గాలి గొట్టము మూతికి అడ్డుపెట్టుటకు ఒక చదునైన చెక్కపలకను సిద్ధముగా ఉంచుకొనుడు. చేయి అడ్డుపెట్టరాదు.

రాయలసీమలో పలుచోట్ల బోరు నీటిలో లవణములెక్కువ. ఆ నీరు రేడియేటరులో పొర కట్టును; ఎండకాలములో ఇంజను కాగిపోవును. కంపెనీ చెప్పిన కూలెంటును డిస్టిల్డు వాటరుతో కలిపి పోయుడు. వేడిమీద మూత తీయరాదు.

6. పరీక్ష, బరువు

మొదటి పరీక్ష రోడ్డుపై కాదు. సొంత బీడులో, ఖాళీ బండితో, నడక వేగమున చేయవలెను. బ్రేకు, చేతిబ్రేకు, స్టీరింగు మూడును సరిగా ఉన్నపుడే ఫిట్‌నెస్‌కు తీసికొని పోవలెను. 8 ఏండ్లు దాటిన సరకు బండికి ఏటేట ఫిట్‌నెస్ తప్పనిసరి. ఆర్.సి.లోని మొత్తము బరువులో ఖాళీ బండి బరువు తీసివేసిన మిగిలినదే మీరు ఎత్తదగిన బరువు. “నాయన కాలములో ఇంతకు రెండింతలు మోసినది” అను మాట కొలతకు పనికిరాదు. నాటి ఇనుము నేడు వయసు మళ్లినది.

ఇంజనులు, యంత్రముల పని నేర్వగోరు యువ రైతులు అనంతపురము జిల్లా గార్లదిన్నెలోని కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థలో శిక్షణ వివరములు అడిగి తెలిసికొనవచ్చును.

రంగు అన్నిటికన్న కడపట వేయుడు. మీ తండ్రి ఆ బండి ఎక్కించి మిమ్ములను క్షేమముగా ఇంటికి చేర్చెను. రేపు మీ బిడ్డలు అందులో కూర్చుందురు. వారిని క్షేమముగా చేర్చగల బండియే బాగుపడిన బండి.