మందు కాగితముపై 'ఫైటో': ఈ ముక్క తెలిసిన మేలేమి?

రైతు సోదరులను, గ్రామాధికారులను ఒక చిన్న ప్రశ్న అడిగి ఈ పాఠము ప్రారంభించుచున్నాను. మీరు కొన్న పురుగుమందు సీసాతో వచ్చిన కాగితమును ఎప్పుడైనను తుదివరకు చదివితిరా? పెక్కుమంది మోతాదు వరకు చదివి మడిచి పెట్టుదురు. మిగిలిన భాగములో నోరు తిరగని శాస్త్రపదములుండుటచే అది తమకు కాదని తలంతురు. ఆ పదములలో తరచుగా కనబడునది 'ఫైటో' అను ముక్క. అది తెలియకపోవుట వలన కలుగు నష్టమును నేను కన్నులార చూచితిని.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక బత్తాయి తోట చూడబోయితిని. మొదళ్ళ దగ్గర బెరడు పగిలి బంక కారుచుండెను. ఆకులు పసుపుబారి రాలుచుండెను. "రెండుసార్లు బూజు మందు పోశాను బాబూ. డబ్బు పోయింది గాని బంక ఆగలేదు" అని తోట యజమాని చెప్పెను. ఆయన పోసినది కార్బెండజిమ్. అంతకు నెల ముందే మట్టిని, వేళ్ళను పరీక్ష చేయించి తెచ్చుకొనిన కాగితము ఆయన జేబులోనే ఉన్నది. దానిపై 'ఫైటాఫ్థొరా' అని స్పష్టముగా వ్రాసియున్నది. "అదేదో జబ్బు పేరండీ, నాకు నోరు తిరగలేదు. దుకాణంలో బంక తెగులనే చెప్పాను" అని ఆయన అనెను.

తప్పు ఆయనది మాత్రమే కాదు. అటువంటి పేర్లను సభలలో పలికి, విప్పి చెప్పకుండ వచ్చెడి మావంటి అధికారులది కూడ. ఆ లోపమును కొంత తీర్చుటకే ఈ పాఠము.

ఫైటో అనగా నేమి?

గ్రీకు భాషలో 'ఫ్యుటోన్' అనగా మొక్క. మొలచు, పెరుగు అను అర్థము గల 'ఫ్యుయో' అను క్రియ నుండి అది పుట్టినది. మన సంస్కృతములోని 'భూ' ధాతువు, ఈ గ్రీకు క్రియ ఒకే మూలమునకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఉద్భవించుట అను మాటలో ఉన్నది ఆ 'భూ' ధాతువే. కనుక ఫైటో మనకు దూరపు చుట్టమే గాని పరాయిది కాదు.

పేరును ముక్కలుగా కట్టుట మనకును కొత్త కాదు. చెట్టునకు 'పాదపము' అను పేరు కలదు. పాదములతో, అనగా వేళ్ళతో, త్రాగునది అని దాని అర్థము. పేరు విప్పిన చెట్టు నీరు త్రాగు విధము తెలియును. శాస్త్రపదములను కూడ ఇట్లే విప్పవలెను.

ఈ ముక్క పదము మొదట వచ్చినచో 'ఫైటో' అనియు, చివర వచ్చినచో 'ఫైట్' అనియు ఉండును. రెండుచోట్లను అర్థము మొక్కయే.

పలుకుటకు ఒక విరుపు, అర్థమునకు ఒక విరుపు

పొడవైన పదమును మొదట పలుకుబడిని బట్టి విరువుడు. ఫై-టో-టాక్-సిక్: నాలుగు ముక్కలు. ఫై-టో-ప్లాజ్-మా: నాలుగు. ఫై-టో-శా-ని-ట-రీ: ఆరు. ఈ విధముగా రెండు మూడు సార్లు పైకి చదివినచో నోరు తిరుగును.

తరువాత అర్థమును బట్టి విరువవలెను. ఈ రెండు విరుపులు ఎల్లప్పుడును ఒకచోటనే పడవు. 'రామాలయము'ను రా-మా-ల-య-ము అని పలుకుదుము. అర్థము కొరకు రామ, ఆలయము అని విడదీయుదుము. బత్తాయి రైతు కాగితములోని పేరు కూడ ఇట్టిదే. పలుకునప్పుడు ఫై-టాఫ్-థొ-రా. అర్థము కొరకు ఫైటో, ఫ్థొరా. 'ఫ్థొరా' అనగా గ్రీకులో నాశనము. కాబట్టి ఫైటాఫ్థొరా అనగా మొక్కల నాశనకారి.

ఈ పేరును 1876లో జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆంటన్ డి బారీ పెట్టెను. 1845లో ఐర్లండులో బంగాళదుంప పైరును మాడ్చి, తరువాతి కరవులో సుమారు పది లక్షల మంది మరణమునకు కారణమైన తెగులు ఈ జాతిదే. మన గోదావరి డెల్టాలో తాడిచెట్లకు వచ్చిన మొవ్వు కుళ్ళు తెగులును ఇ. జె. బట్లర్ అను శాస్త్రజ్ఞుడు పరిశీలించి, దాని కారకమునకు 1907లో ఒక పేరు పెట్టెను. 1919లో ఆయనయే దానిని ఫైటాఫ్థొరా జాతిలో చేర్చెను. చేమ ఆకుమాడు తెగులు, తమలపాకు తోటలలోని ఎండు తెగులు, బత్తాయి నిమ్మలలో బంక తెగులు కూడ ఈ జాతి వలననే కలుగుచున్నవి.

ఇక్కడ ఒక ముఖ్య విషయము కలదు. ఫైటాఫ్థొరా చూచుటకు బూజువలె ఉన్నను అసలైన శిలీంధ్రము కాదు. దాని బీజములు నీటిలో ఈదుచు పోగలవు. అందుచేతనే చెట్టు మొదట నీరు నిలిచిన తోటలలో ఇది చెలరేగును. అసలైన శిలీంధ్రములపై పనిచేయు కార్బెండజిమ్ దీనిపై పనిచేయదు. మెటలాక్సిల్, ఫొసెటిల్ అల్యూమినియం వంటివి, బోర్డో మిశ్రమము పనిచేయును. ఆ తోట యజమాని కాగితములోని పేరునే దుకాణములో చదివియుండినచో, రెండు విడతల మందు ఖర్చును, నెల రోజుల కాలమును దక్కియుండెడివి.

ఆయనకు మేము చెప్పినది ఇది. మొదలుకు నీరు తగులకుండ చుట్టును మట్టి ఎగదోసి, నీరు వెలుపలి పాదులోనే పారించవలెను. బంక కారుచోట కుళ్ళిన బెరడును శుభ్రముగ చెక్కివేసి బోర్డో పేస్టు పూయవలెను. ఇందుకు 1 కిలో మైలుతుత్తము, 1 కిలో సున్నము, 10 లీటర్ల నీరు కావలెను. పిచికారికి వాడు ఒక శాతము బోర్డో మిశ్రమమునకు అదే తుత్తము, అదే సున్నము 100 లీటర్ల నీటిలో కలుపవలెను. తొమ్మిది చెట్లు అప్పటికే చేయి దాటిపోయినందున తీసివేయవలసివచ్చినది. మిగిలినవి నిలిచినవి.

ఫైటోటాక్సిక్: ఎవరికి విషము?

మందు కాగితముపై ఈ మాట కనబడినప్పుడు, 'టాక్సిక్ అనగా విషము గదా, పురుగును బాగుగా చంపునని వ్రాసినారు' అని అనుకొనువారున్నారు. ఇది ప్రమాదకరమైన పొరపాటు. విషము పురుగుకు కాదు, ఫైటోకు, అనగా మీ పైరుకే. గ్రీకులో 'టాక్సోన్' అనగా విల్లు. బాణములకు పూయు విషమునకు వచ్చిన పేరు నుండి 'టాక్సిక్' ఏర్పడినది. ఆ బాణము మన పైరుకే తగులునని హెచ్చరించుటయే ఈ మాట పని.

రెండు ఉదాహరణములు చూడుడు. గంధకము మంచి మందే. కాని మండుటెండలో చల్లినను, నూనె మందు చల్లిన కొద్ది దినములకే చల్లినను ఆకులు మాడును. దోస, గుమ్మడి జాతి పాదులలో కొన్నిటికి అది బొత్తిగా సరిపడదు. ఇక 2,4-డి అను కలుపుమందు వరి, మొక్కజొన్న చేలలో వాడుచున్నారు. పత్తికి అది మిక్కిలి ఫైటోటాక్సిక్. ప్రక్క చేనిలో చల్లినప్పుడు గాలికి కొట్టుకొనివచ్చినను, ఆ మందు చల్లిన పంపును సరిగా కడుగక పత్తికి వాడినను, పత్తి ఆకులు వికారముగా సన్నబడి ముడుచుకొనిపోవును. కలుపుమందుకు వేరు పంపు ఉంచుకొనుట అన్నిటికంటె క్షేమము.

ఫైటోశానిటరీ: ఎగుమతి చేయువారికి

'శానిటరీ' అను ముక్క ఆరోగ్యము అను అర్థము గల లాటిన్ మాట నుండి వచ్చినది. ఫైటోశానిటరీ అనగా మొక్కల ఆరోగ్యమునకు సంబంధించినది. మామిడి, మిరప, పసుపు విదేశములకు పంపునప్పుడు అడుగు ఫైటోశానిటరీ ధ్రువపత్రము, ఆ సరకులో ఆ దేశము నిషేధించిన తెగుళ్ళు, పురుగులు లేవని మన ప్రభుత్వము ఇచ్చు హామీ. ఈ ఏర్పాటుకు ఆధారము 1951లో కుదిరిన అంతర్జాతీయ సస్యరక్షణ ఒడంబడిక. అది సరకు రుచికి గాని, మందుల అవశేషములకు గాని సంబంధించిన పత్రము కాదు. వాటికి పరీక్షలు వేరు. రైతులు ఈ పత్రమును గురించి అడుగ వచ్చినప్పుడు గ్రామాధికారులు ఈ భేదము చెప్పగలిగిన, వారికి వృథా తిరుగుడు తప్పును.

ఒకే చేనిలో రెండు మాటలు

ఫైటోతో పొరబడదగిన మరియొక ముక్క కలదు. 'ఫిల్' లేక 'ఫిల్లో' అనగా ఆకు. ఆకులోని పచ్చదనమునకు క్లోరోఫిల్ అను పేరు అట్లు వచ్చినది. నువ్వు చేలలో వెర్రి తెగులు మీరెరుగుదురు. పూవు ఉండవలసినచోట పచ్చని ఆకుల గుత్తి వచ్చును, కాయ పట్టదు. పూవు ఆకుగా మారుటచే దీనిని ఫిల్లోడి అందురు. దీనికి కారకము ఫైటోప్లాస్మా అను అతి సూక్ష్మజీవి. ఇట్టి తెగుళ్ళు వైరస్ వలన వచ్చునని చాలకాలము తలంచిరి. 1967లో జపాను శాస్త్రజ్ఞులు ఈ సూక్ష్మజీవులను కనుగొనిరి. 1994లో వాటికి ఫైటోప్లాస్మా అను పేరు స్థిరపడినది.

కనుక ఫిల్లోడి అనునది కంటికి కనబడు లక్షణము. ఫైటోప్లాస్మా దాని వెనుకనున్న కారణము. ఇది శిలీంధ్రము కాదు గనుక బూజు మందులు చల్లుట డబ్బు పారవేయుటయే. రసము పీల్చు పచ్చదోమ జాతి పురుగు దీనిని మొక్క నుండి మొక్కకు చేర్చును. తెగులు సోకిన మొక్కలను వెంటనే పెరికి కాల్చుట, ఆ పురుగును అదుపులో ఉంచుట మాత్రమే మార్గములు.

చివర ఫైట్ వచ్చినప్పుడు

'ఎపి' అనగా పైన. ఎపిఫైట్ అనగా మరియొక చెట్టుపై కూర్చుండి పెరుగు మొక్క. అది ఆశ్రయము మాత్రమే కోరును, చెట్టు రసము పీల్చదు. మామిడిపై పెరుగు బదనిక అట్టిది కాదు. అది వేరు వంటి భాగమును కొమ్మలో దింపి నీరు, లవణములు లాగుకొనును. దాని శాస్త్రనామము డెండ్రాఫ్థో. 'డెండ్రాన్' అనగా చెట్టు, 'ఫ్థో' అనగా క్షయము. చెట్టునకు పట్టిన క్షయము అని పేరే చెప్పుచున్నది. పండ్లు పండి పక్షులు విత్తనములను వ్యాపింపజేయక ముందే, బదనిక అంటుకొనిన చోటునకు క్రిందుగా కొమ్మను కోసివేయవలెను. కేవలము ఆకులు త్రుంచిన మరల చిగురించును.

అభ్యాసము

'హాలో' అనగా ఉప్పు. 'జీరో' అనగా పొడి. ఇది సున్న అను అర్థము గల జీరో కాదు. 'హైడ్రో' అనగా నీరు. ఇక మడచెట్టు, బ్రహ్మజెముడు, తామర: ఈ మూడింటిలో ఏది హాలోఫైట్, ఏది జీరోఫైట్, ఏది హైడ్రోఫైట్? పై వరుసలోనే జవాబులున్నవి. ఇంటిలో చదువుకొను పిల్లలను కూడ కూర్చుండబెట్టుకొని చెప్పించుడు.

గుర్తుంచుకొనవలసినవి

1. పరీక్ష కాగితములోని తెగులు పేరును తెలుగు అక్షరములలో వ్రాయించుకొని, ముక్కలుగా విరిచి పలుకుటకు అలవాటుపడుడు.

2. మందు కొనునప్పుడు లక్షణము మాత్రమే గాక, కారకము పేరు కూడ చెప్పి, 'ఈ మందు దానిపై పనిచేయునా?' అని అడుగుడు.

3. కాగితముపై ఫైటోటాక్సిక్ అను మాట ఉన్నచో ఏ పైరుకు, ఏ ఎండలో, ఏ మందుతో కలిపినప్పుడు హానియో చదివిన పిమ్మటనే పంపు భుజమునకెత్తుడు.

4. సందేహమున్నచో ఆ కాగితమును మీ వ్యవసాయాధికారికి చూపుడు. విప్పి చెప్పుట మా విధి.

కాగితము జేబులోనే ఉండి తోట ఎండిపోవు స్థితి ఇక ఏ రైతునకును రాకుండుగాక.