లెక్కల సర్వరు మొరాయించినప్పుడు

ఫిల్మ్ నగర్‌లోని ఒక పాల విక్రయ కార్యాలయంలో, తెల్లవారుజామున ఏజెంట్ల బిల్లులు తీసే వేళకు సర్వరు ప్రాసెసరు నూటికి నూరు పాళ్లు పనిలో మునిగి, బిల్లులు రాక పాల వ్యాన్లు నిలిచిపోయాయి. కొత్త సర్వరు కొనాలన్నారు. సొమ్ము సభ్యులది గదా, ఆగమన్నాము.

టాస్క్ మేనేజరులో చూస్తే భారమంతా మైఎస్‌క్యూఎల్‌దే. అందులో ‘షో ప్రాసెస్‌లిస్ట్’ అని ఇస్తే, ఏజెంటు పాత బాకీ అడిగే ప్రశ్న ఒక్కటే పదేపదే కనిపించింది. దాని ముందు ‘ఎక్స్‌ప్లెయిన్’ చేర్చి చూశాము. ఒక్క ఏజెంటు కోసం పట్టిక యావత్తూ చదువుతున్నది; సూచిక లేని లెడ్జరును మొదటి పేజీ నుండి వెతికినట్లు! పాత లెక్కలు ఎక్కించేటప్పుడు తీసివేసిన ఇండెక్సును మరల వేయలేదట. బ్యాకప్ తీయించి, బిల్లుల పని లేని మధ్యాహ్నం ఏజెంటు నంబరుపై ఇండెక్సు వేయించాము. మరునాడు వ్యాన్లు వేళకే కదిలాయి.

మీ సంఘం లెక్కల్లో సభ్యుని నంబరుపై ఇండెక్సు ఉన్నదో లేదో కార్యదర్శిగారు విచారించగలరు.