“వాడు మోసం చేశాడు నాన్నా”

పిల్లల్ని రేటింగ్ చెస్ టోర్నమెంట్లకి తిప్పే తల్లిదండ్రులకి ఈ మాట కొత్త కాదు. ఓడిపోయిన పిల్లాడు హాల్లోంచి బయటికొచ్చి, బ్యాగు కింద పడేసి, ఏడుపు ఆపుకుంటూ అంటాడు. ఫోన్లో జట్లుగా ఆడే పిల్లలైతే “వాడు హ్యాకర్ మమ్మీ!” అని గదిలోంచే కేక పెడతారు. అప్పుడు మన నోటి వెంట వచ్చే మొదటి మాట జాగ్రత్తగా రావాలి.

మామూలుగా వచ్చేవి రెండే. “ఓడిపోతే అందరికీ అలాగే అనిపిస్తుందిలే, ఊరుకో” అన్నది ఒకటి. “నాకు ముందే తెలుసు, ఆ అకాడమీ వాళ్లంతా అంతే” అన్నది రెండోది. మొదటిది విన్న పిల్లాడు రేపు నిజంగా ఏదైనా చూసినా మనకి చెప్పడు. రెండోది విన్నవాడికి ఓడిన ప్రతి ఆటలోనూ ఎదుట కూర్చున్నది దొంగే. నన్నడిగితే రెండోదే ఎక్కువ చెరుపు. కాసేపు ఆగి, మంచినీళ్లు తాగించి, “నువ్వు కళ్లతో ఏం చూశావో అది చెప్పరా” అని అడగండి. “వాడి రేటింగ్ పద్నాలుగొందలే, అంత మంచి ఎత్తు ఎలా వేస్తాడు?” అంటే అది చూసింది కాదు, అనుకున్నది. “నాలుగుసార్లు లేచి వెళ్లాడు, రాగానే ఆలోచించకుండా ఎత్తు వేశాడు” అంటే అది చూసింది. చూసినదాన్ని ఆర్బిటర్‌కి, అంటే పోటీని పర్యవేక్షించే న్యాయనిర్ణేతకి, చెప్పవచ్చు.

2015 ఏప్రిల్‌లో దుబాయ్ ఓపెన్‌లో జరిగింది ఇలాంటిదే. ఆర్మేనియా గ్రాండ్‌మాస్టర్ టిగ్రాన్ పెట్రోసియన్ (వెనకటి ప్రపంచ ఛాంపియన్ కాదు, అదే పేరున్న ఈ తరం ఆటగాడు) జార్జియాకి చెందిన గయోజ్ నిగాలిద్జేతో ఆడుతున్నాడు. ఎదుటివాడు మాటిమాటికీ టాయిలెట్‌కి వెళ్తున్నాడు. పక్కవి ఖాళీగా ఉన్నా ప్రతిసారీ ఒకే గదిలోకి దూరుతున్నాడు. పెట్రోసియన్ ఆ చూసిన సంగతి ఆర్బిటర్లకి చెప్పాడు. వాళ్లు వెతికితే టాయిలెట్ కాగితం చుట్టి దాచిన ఫోన్ దొరికింది, అందులో నడుస్తున్నది అదే ఆట. ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే నిగాలిద్జేని మూడేళ్లు నిషేధించి గ్రాండ్‌మాస్టర్ టైటిల్ వెనక్కి తీసుకుంది.

దీని పక్కన 2022 సెప్టెంబర్‌లో సెయింట్ లూయిస్‌లో జరిగింది పెట్టి చూడండి. సింక్‌ఫీల్డ్ కప్‌లో 19 ఏళ్ల హాన్స్ నీమన్ చేతిలో ఓడిన అప్పటి ప్రపంచ ఛాంపియన్ మాగ్నస్ కార్ల్‌సన్ మర్నాడు టోర్నమెంట్ వదిలేసి, ఆరోపణ అనీ, కాదనీ తేల్చలేని ఒక ట్వీట్ పెట్టాడు. మిగతాది లోకం పూరించుకుంది. నీమన్ 12వ ఏట, 16వ ఏట ఆన్‌లైన్లో మోసం చేశానని తానే ఒప్పుకున్నాడు. కానీ బల్ల మీద ఆడిన ఆ ఆటలో మోసం జరిగిందన్న ఆధారం బయటికి రాలేదు. వ్యవహారం 10 కోట్ల డాలర్ల దావా దాకా వెళ్లి, 2023 ఆగస్టులో రాజీతో ముగిసింది. సరైన కారణం లేకుండా టోర్నమెంట్ వదిలినందుకు ఫిడే కార్ల్‌సన్‌కి 10,000 యూరోల జరిమానా వేసింది. అనుమానాన్ని ఎవరికి, ఎలా చెప్పాలో తెలియక ప్రపంచ ఛాంపియనే తడబడ్డాడంటే, మన పదేళ్ల పిల్లలకి నేర్పకుండా ఎలా వస్తుంది?

నేర్పాల్సింది పెద్ద విద్యేం కాదు. ఆట నడుస్తుండగానే గడియారం ఆపి ఆర్బిటర్‌ని పిలిచే హక్కు ఆటగాడికి ఉంది. చాలామంది పిల్లలకి ఈ సంగతి తెలియదు, తెలిసినా చెయ్యెత్తడానికి బిడియం. ఇంట్లో ఒకసారి చేయించి చూడండి: చెయ్యెత్తడం, గొంతు తగ్గించి చూసింది రెండు వాక్యాల్లో చెప్పడం, మళ్లీ కూర్చుని ఆడుకోవడం. పక్క బల్ల దగ్గర ఏదైనా తేడా కనిపిస్తే ఆర్బిటర్‌కి తప్ప ఎవరికీ చెప్పకూడదని నిబంధనల్లోనే ఉంది. సాక్ష్యం కోసం గూఢచారి పనులు మాత్రం చేయించకండి. 2019లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇగోర్స్ రౌసిస్ అనే గ్రాండ్‌మాస్టర్ టాయిలెట్లో ఫోన్‌తో ఉన్న ఫొటో లోకమంతా తిరిగింది. అతను తప్పు చేసిన మాట నిజమే. అయినా టాయిలెట్లో ఉన్న మనిషిని ఫొటో తీసే అలవాటు మన పిల్లలకి వద్దు.

ఇక బయట కుర్చీల్లో కూర్చునే మన సంగతి. రౌండ్ మొదలై గంటయ్యేసరికి ఎవరో ఒకాయన ఫోన్ తిప్పి చూపిస్తాడు: “చూడండి సార్, చెస్ ఇంజిన్లో పెట్టాను, ఈ పిల్లాడి ఎత్తులు తొంభయ్యారు శాతం కరెక్టు!” ఓపెనింగ్ కంఠతా పట్టిన పిల్లాడు ఇరవై ఎత్తుల్లో గెలిస్తే ఆ శాతం రావడంలో వింతేమీ లేదు. ఎదిగే పిల్లల బలం వాళ్ల రేటింగ్ కంటే ముందు పరిగెడుతుంది. నిరుడు పన్నెండొందలున్న పిల్ల ఈ ఏడు పంతొమ్మిదొందల వాణ్ణి ఓడించవచ్చు. సాయంత్రానికి ఆ పిల్ల పేరు, ఊరు, అకాడమీ వాట్సాప్ గ్రూపులో ఎక్కేస్తే దాన్ని దించేవాళ్లు ఎవరూ ఉండరు. బొత్తిగా ఆధారం లేని ఫిర్యాదు చేస్తే ఫిడే ఫిర్యాదు చేసినవాళ్లనే హెచ్చరిస్తుంది, మళ్లీ చేస్తే శిక్ష కూడా వేయవచ్చు. గ్రూపులో రాసినవాళ్లకి అలాంటి భయం ఏదీ లేదు, చిక్కంతా అక్కడే. అన్నట్టు, చాలాచోట్ల మనల్ని హాల్లోకి రానివ్వకపోవడానికి ఒక కారణం సైగలు చేసే అమ్మానాన్నలేనని మరిచిపోవద్దు.

అవతలివాడు చేస్తే ఫిర్యాదు సులువే. అసలు కష్టం, చేసినవాడు మనవాడి స్నేహితుడైనప్పుడు. ఫోన్లలో, కంప్యూటర్లలో జట్టుగా ఆడే ఆటల్లో ఇది మరీ ఇరుకు. 2018 అక్టోబర్‌లో షాంఘైలో జరిగిన కౌంటర్ స్ట్రైక్ అనే వీడియో గేమ్ పోటీలో ఆప్టిక్ ఇండియా ఆటగాడొకడు కంప్యూటర్లో చీట్ పెట్టుకుని పట్టుబడ్డాడు. నిర్వాహకులు అతని కంప్యూటర్ చూడబోతే ఆ ఫైలు చెరిపేయాలని చూశాడు. అతనికి ఐదేళ్ల నిషేధం పడింది. కానీ పోటీ నుంచి బయటికి వెళ్లింది మొత్తం జట్టు. కొద్దిరోజుల్లో ఆ సంస్థ జట్టునే రద్దు చేసింది. ఏ తప్పూ చేయని మిగతా కుర్రాళ్ల కష్టం కూడా దాంతోపాటే పోయింది.

మీ అమ్మాయి వచ్చి “మా జట్టులో ఒకడు హ్యాక్ వాడుతున్నాడు, ఎవరికీ చెప్పకు” అంటే, ముందు ఆమెను మెచ్చుకోండి. ఆ మాట మోసుకుని తిరగడం పిల్లలకి చాలా బరువు. వెంటనే ఫోన్ అందుకుని ఆ పిల్లాడి తండ్రికి చేయకండి, మళ్లీ జన్మలో మీకు ఏదీ చెప్పదు. ముందు ఆ పిల్లాడితో ఆమెనే మాట్లాడనివ్వండి: “తర్వాతి మ్యాచ్ లోపు ఆపెయ్, జరిగింది నువ్వే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తా.” గడువు పెట్టడం ముఖ్యం, లేకపోతే అది ఫైనల్ దాకా సాగుతుంది. ఆ పిల్లాడు పెద్దవాడై బెదిరించే రకమైతే మాత్రం ఆమెను ముందుకు నెట్టకుండా మీరే నిర్వాహకులకి చెప్పండి, చెప్పినవాళ్ల పేరు బయటపెట్టవద్దని అడగండి. ఆ హ్యాక్ వల్ల మీ అమ్మాయి జట్టు ఇప్పటికే గెలిచి ఉంటే బహుమతి డబ్బు కూడా తిరిగి వెళ్లాలి. ఇక్కడే చాలా ఇళ్లలో గొంతు తగ్గుతుంది, “మనం చేయలేదు కదా” అంటారు. చేయలేదు, నిజమే. తెలిశాక కూడా ఉంచుకోవడం మాత్రం మన చేతిలోని పని.

ఒకరోజు వేలు మన పిల్లాడి వైపే తిరగవచ్చు. ఆర్బిటర్ బ్యాగు చూపించమంటే చూపించమనండి, గొడవకి దిగకండి. ఇంటికొచ్చాక బోర్డు పరిచి, కోచ్‌ని పక్కన కూర్చోబెట్టి, ఆ ఆటలో ప్రతి ఎత్తూ ఎందుకు వేశాడో చెప్పించండి. తానే ఆలోచించి ఆడినవాడు తప్పు ఎత్తులకి కూడా కారణం చెప్పగలడు, అది రాసి నిర్వాహకులకి ఇవ్వండి. చెప్పలేక తల దించుకుంటే, అడగాల్సింది మెల్లగా అడిగి, ఆన్‌లైన్ ఖాతా అయితే సైట్ వాళ్లకి వాడి చేతే ఒప్పుకుంటూ ఉత్తరం రాయించండి. ఒప్పుకున్నవాళ్లకి చెస్.కామ్ లాంటి చోట్ల కొత్త ఖాతాతో మళ్లీ మొదలుపెట్టే అవకాశం ఇవ్వడం ఉంది. ఉత్తరం మీరు రాసిపెట్టకండి, వాణ్ణే రాయనివ్వండి, అక్షరదోషాలున్నా సరే.