ఆ ‘కూడా’ సంగతి మాట్లాడుకుందాం చెల్లీ

చెల్లీ, నిన్న రాత్రి నీ ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. “అక్కా, పెద్దోడు గేములాడుకోడానికి కంప్యూటర్ కావాలంటున్నాడు. మీ మరిదిగారు సరేనన్నారు. నా వీడియోలు కూడా అందులోనే చేసుకోమన్నారు” అన్నావు. ఆ ‘కూడా’ దగ్గరే నా మనసు ఆగిపోయింది.

నువ్వు చేసేది చిన్న పనా చెప్పు? పొద్దున్నే వంట ముగించి, వాకిట్లో వెలుతురు బాగున్నప్పుడు లేసు టేబుల్ క్లాతులు పరిచి, ఫోన్లో వీడియో తీసి, మధ్యాహ్నమంతా ఆ చిన్న తెరమీదే కత్తిరించి అతికిస్తావు. అవి చూసే కదా బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ నీకు ఆర్డర్లొస్తున్నాయి! మన నరసాపురం ఆడవాళ్లకి ఈ ‘కూడా’ కొత్తది కాదమ్మా. మారియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మన లేసు పనివాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. గంటల తరబడి అల్లుతున్నా వాళ్లని ఉత్త గృహిణులనే అనుకున్నారనీ, ఆ పనిని తీరిక వేళ కాలక్షేపంగా లెక్కగట్టబట్టే కూలీ అంత తక్కువైందనీ ఆవిడ రాసింది. అమ్మమ్మ చేతిలో క్రోషే సూది ఉండేది, నీ చేతిలోకి మౌసు వస్తోంది. కాలక్షేపం అన్న లెక్క మాత్రం మళ్లీ రాకూడదు. ఈ కంప్యూటర్ నీ పనిముట్టు. అలా అనుకుని కొంటేనే ఏ భాగం మీద ఎంత పెట్టాలో తేలుతుంది.

కాలవల మధ్య పుట్టినదానివి, నీకు తేలిగ్గా అర్థమయ్యేలా చెబుతాను. ధవళేశ్వరంలో ఎన్ని నీళ్లు వదిలినా మన పంట బోదె పూడిపోయి ఉంటే శివారు చేనుకి చుక్క రాదు కదా. కంప్యూటరూ అంతే. ఏ భాగం ఇరుకుగా ఉంటే మొత్తం పని అక్కడే ఆగుతుంది. దుకాణంలో రంగురంగుల లైట్లూ పెద్ద పెద్ద అంకెలూ చూపిస్తారు. నువ్వు మాత్రం ‘నా పని ఎక్కడ ఆగుతుంది?’ అనే అడుగు.

ముందు ప్రాసెసర్. ఇప్పటి ఫోన్లు చాలా హెచ్.265 అనే పద్ధతిలోనూ వీడియో తీస్తాయి. అది జాగా తక్కువ తీసుకుంటుంది గానీ, ఎడిటింగ్‌లో దాన్ని విప్పడానికి కంప్యూటర్ ఆయాసపడుతుంది. ఇంటెల్ కోర్ ఐ5-12400లో ఆ విప్పే పనికే క్విక్ సింక్ అని ఒక భాగం ఉంది. 2022లో వచ్చిన ప్రాసెసర్ అయినా, ఆరు కోర్లతో నీ పనికి చక్కగా సరిపోతుంది. పేరు చివర ‘ఎఫ్’ అక్షరం ఉందేమో మాత్రం చూసుకో. 12400ఎఫ్ కాస్త చవక, కానీ అందులో గ్రాఫిక్స్ పనిచేయదు, క్విక్ సింకూ ఉండదు. పెద్దోడు అడుగుతున్న ఎఎండీ రైజెన్ 5 5600 కూడా ఆరు కోర్లదే, ఆటలకి మంచిదే. అయితే దానికి విడిగా గ్రాఫిక్స్ కార్డు పెడితే తప్ప తెరమీద బొమ్మ రాదు. 12400 తీసుకుంటే కార్డు లేకుండానే ఈ నెల నీ పని మొదలవుతుంది. కార్డు సంక్రాంతికి కొనొచ్చు.

ర్యామ్ వంటగట్టు లాంటిదనుకో. గట్టు ఇరుకైతే ఎంత చెయ్యి తిరిగిన మనిషైనా గిన్నె దించి గిన్నె పెట్టుకోవాల్సిందే. డావిన్సీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. దానికి కనీసం 16 జీబీ ఉండాలి. ఒకే ముక్కగా కాకుండా 8 జీబీవి రెండు తీసుకో, అప్పుడు ప్రాసెసర్‌కి రెండు దారులు తెరుచుకుంటాయి. 2025 చివర్నుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. అందుకే నాలుగు ర్యామ్ గాళ్లున్న మదర్‌బోర్డు చూసుకుంటే, ధర దిగాక మరో రెండు కలుపుకోవచ్చు. ఈ ప్రాసెసర్‌కి డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి పట్టదు. బోర్డు ఏదో తేల్చుకున్నాకే ర్యామ్ కొను.

ఇక నీ వీడియోలు దాచే చోటు. మామూలు హార్డ్ డిస్క్ సెకనుకి నూటయాభై ఎంబీ అటూఇటూగా చదివితే, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. విండోసూ, ఈ వారం పనీ ఎస్‌ఎస్‌డీలో పెట్టు. పూర్తయినవి హార్డ్ డిస్క్‌లోకి తోసెయ్. ఆర్డర్ల వీడియోలు ఇంకోచోట మరో నకలు లేకుండా ఎప్పుడూ ఉంచకు. ఇంకో కిటుకు చెబుతాను, దీనికి రూపాయి ఖర్చు లేదు. ఎడిటింగ్ మరీ నత్తనడకగా ఉంటే ప్రాక్సీ ఫైళ్లు చేయించు. సాఫ్ట్‌వేర్ నీ వీడియోలకి చిన్న నకళ్లు తయారు చేస్తుంది, వాటి మీద కత్తిరింపులు చేస్తావు, చివర్లో అసలు వీడియో నుంచే బయటికి తీస్తుంది.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర పెద్దోడి మాట విను, అది వాడి వాటా. వాలొరాంట్ లాంటి ఆట చిన్న కార్డు మీదా పరుగెడుతుంది. కొత్త ఆటలు మాత్రం 8 జీబీ మెమరీ అడుగుతున్నాయి. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 ఆటలకి బాగుంటుంది. ఎన్‌విడియా ఆర్‌టీఎక్స్ 3060 12 జీబీది దొరికితే ఆటకీ నీ ఎడిటింగ్‌కీ రెంటికీ పనికొస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 అని ఒకే పేరుతో 8 జీబీదీ, 6 జీబీదీ ఉన్నాయి. తేడా మెమరీలోనే కాదు, 6 జీబీదాని శక్తే తక్కువ. బిల్లు మీద జీబీతో సహా రాయించుకోండి.

ఇప్పుడు చెప్పేది నా అనుభవం. మొదటిసారి కంప్యూటర్ కొన్నప్పుడు, క్యాబినెట్‌తో పాటు పవర్ సప్లై ఉచితమంటే సంబరపడి తెచ్చుకున్నాను. రెండో వానాకాలంలో కరెంటు పోయి వచ్చిన నిమిషానే టప్పుమంది. పోతే పోయింది, మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. ఆ రోజు నేను ఏడ్చింది డబ్బు కోసం కాదమ్మా, మేనకోడలి ఓణీల ఫంక్షన్ వీడియో సగంలో ఉండిపోయినందుకు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్న 550 వాట్ల పవర్ సప్లై తీసుకో. నేను చెప్పిన ఏ కార్డు పెట్టినా సరిపోతుంది. దాని పక్కనే యూపీఎస్. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లే ఇస్తుంది. కార్డు పెట్టే ఆలోచనుంటే 1000 వీఏ దానికి వెళ్లు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన నరసాపురం దగ్గరే తీరం దాటింది, గుర్తుందిగా! అలాంటి ఊళ్లో యూపీఎస్ విలాసం కాదు. పని సేవ్ చేసుకుని మెల్లిగా ఆపుకునేంత వ్యవధి ఇస్తే చాలు. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించు. సముద్రపు గాలి ఇనుముని తింటుంది, బల్లులూ చీమలూ వెచ్చటి చోటు వెతుక్కుంటాయి. వెనక ఖాళీ కంతలన్నీ మూసి, పెట్టెని నేలమీద కాకుండా ఎత్తుమీద ఉంచు.

మానిటర్ మాట మర్చిపోయేదాన్ని. పెద్దోడు హెర్ట్జులు లెక్కపెడతాడు, పెట్టనీ. నువ్వు మాత్రం రంగులు ఉన్నదున్నట్టు చూపించే ఐపీఎస్ ప్యానెలేనా అని అడుగు. నీ లేసులో తెలుపు వేరు, మీగడ రంగు వేరు. తెర రంగు తప్పు చూపిస్తే, వీడియోలో నువ్వు సరిదిద్దే రంగూ తప్పవుతుంది. చేతికందిన టేబుల్ క్లాత్ చూసి కొన్నవాళ్లు నిన్నంటారు.

కొనడానికి సికింద్రాబాద్ వెళతామన్నావు కదా. పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అంటారు. మనవైపు నుంచి రాత్రి రైలెక్కి చాలామంది అక్కడికే పోతారు. వెళ్లేముందే నాలుగు దుకాణాల నుంచి ఫోన్లో విడివిడిగా ధర రాయించుకుని, భీమవరంలోనో రాజమండ్రిలోనో అదే కాగితం చూపించి అడుగు. తేడా రైలు ఖర్చంత కూడా లేకపోతే మనవైపే కొను. రేపు పాడైతే పరుగెత్తాల్సింది నువ్వే. ప్రతి భాగానికీ సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు అడుగు. పాత కార్డు చవగ్గా వస్తుందంటే, ఎదురుగా అరగంట ఆట నడిపించి చూశాకే డబ్బివ్వు.

పెట్టె ఇంటికొచ్చిన రోజు బిగించేది ఎవరో ఒకరు చేసిపెట్టి వెళ్లిపోకూడదు. పెద్దోడూ నువ్వూ పక్కపక్కన కూర్చుని చూడండి, ర్యామ్ ముక్కలు నీ చేత్తో నువ్వే పెట్టు. క్లిక్కుమని కూర్చున్నప్పుడు చేతికి తెలుస్తుంది, ఆ తర్వాత ఆ పెట్టంటే భయముండదు. లేసు ముడి పడ్డప్పుడు చేతికి తెలిసినట్టే. పగలు పది నుంచి నాలుగు వరకూ అది నీదని వాడికి మొదటి రోజే చెప్పు. మంచి పిల్లాడు, అర్థం చేసుకుంటాడు. మరిదిగారికి నేను ఫోన్ చేసి చెబుతాలే: మా చెల్లి పనికి కంప్యూటర్ కొంటోందండీ, సాయంత్రాలు అందులో పెద్దోడు గేములు కూడా ఆడుకుంటాడు అని.