దాహం దాచుకోవద్దు

సూర్యాపేట దగ్గర ఒక పల్లె. ఆ ఊరి పొదుపు సంఘం ఆడవాళ్లు రామోజీ ఫిల్మ్ సిటీ చూడాలనుకున్నారు. మే నెలలో పిల్లలకు సెలవులు. పొలం పనులూ తక్కువ. అందుకే ఆ నెలలోనే పోదామనుకున్నారు.

ఫిల్మ్ సిటీ విజయవాడ రోడ్డు పక్కన ఉంది. హైదరాబాదు చేరకముందే వస్తుంది. 1996లో మొదలైంది. 1,600 ఎకరాలకు పైగా ఉంటుంది. లోపల బస్సుల్లో తిప్పి చూపిస్తారు. అయినా నడక తప్పదు. మే నెలలో అక్కడ ఎండ చాలా రోజులు 40 డిగ్రీలు దాటుతుంది.

సంఘం మీటింగుకు నర్సమ్మ వచ్చింది.

"ఆ రోజు నీళ్లు ఎన్ని తాగుతారు?" అని అడిగింది.

ఒక కోడలు మెల్లగా అంది: "నేనైతే పొద్దున్నుంచే నీళ్లు ముట్టను నర్సమ్మా. బస్సు ఎక్కడ ఆపుతారో, మరుగు ఎక్కడ దొరుకుతుందో!"

"నేనూ అంతే" అన్నారు చాలామంది.

"అదే ప్రమాదం" అంది నర్సమ్మ. "మన ఒంటిని చల్లబరిచేది చెమట. చెమట ఆరేటప్పుడు ఒంట్లో వేడిని తీసుకుపోతుంది. ఒంట్లో నీళ్లు లేకపోతే చెమట ఎక్కడి నుంచి వస్తుంది? మూత్రం ఆపుకుంటే మంట, జబ్బు కూడా వస్తాయి."

ఒక ముసలమ్మ ఊరుకోలేదు. "మేం ఎండలోనే మిరపకాయలు ఏరాం. మాకేమైంది?" అంది.

"నిజమే పెద్దమ్మా. కానీ అలిసినప్పుడు చెట్టు కింద కూర్చున్నారు. అంబలి తాగారు. అక్కడ కింద సిమెంటు, పైన ఎండ. టికెట్టు డబ్బులు పోతాయని ఎవరూ కూర్చోరు. ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు, గర్భిణులకు వడదెబ్బ తొందరగా తగులుతుంది."

"మరి మరుగు సంగతి?" అంది కోడలు.

"ఇప్పుడు మీకు చదువు వచ్చు కదా! గేటు దాటగానే బోర్డులు చదవండి. 'స్త్రీలు', 'మంచినీళ్లు', 'ప్రథమ చికిత్స' అని ఎక్కడ రాశారో చూసుకోండి. తెలియకపోతే సిగ్గుపడకుండా అడగండి. దారిలో బస్సు ఎక్కడ ఆపాలో డ్రైవరుతో ముందే మాట్లాడుకోండి."

అందరూ కలిసి ఇలా అనుకున్నారు:

బయలుదేరే ముందు
• పలచటి నూలు బట్టలు కట్టుకోవాలి. గొడుగు, తువ్వాలు, చెప్పులు మరవకూడదు.
• మనిషికో నీళ్ల సీసా ఉండాలి. కొన్నిచోట్ల బయటి తిండి, నీళ్లు లోపలికి రానివ్వరు. ముందే కనుక్కోవాలి.
• ఓ.ఆర్.ఎస్. పొట్లాలు పెట్టుకోవాలి. పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే కలపాలి. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో 6 టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలపాలి. చెంచా తలకొట్టి కొలవాలి.

అక్కడికి వెళ్లాక
• పొద్దున్నే ఎక్కువ తిరగాలి. 12 నుంచి 3 గంటల దాకా నీడలో ఉండాలి.
• దాహం వేసేదాకా ఆగకూడదు. కొంచెం కొంచెంగా నీళ్లు తాగుతూ ఉండాలి.
• తడి తువ్వాలు మెడ మీద వేసుకోవాలి.
• ఆపి ఉన్న బస్సులో పిల్లల్ని వదలకూడదు. మూసిన బండి పొయ్యిలా వేడెక్కుతుంది.

ఇవి కనిపిస్తే ఆగాలి
తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి, కాళ్లు పట్టేయడం. మూత్రం బాగా పసుపుగా రావడం. వెంటనే నీడకు చేరాలి. ఓ.ఆర్.ఎస్. నీళ్లు తాగాలి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, మనిషి సోయి తప్పితే అది వడదెబ్బ. ప్రాణం పోవచ్చు. 108కి ఫోను చేయాలి. బండి వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు పోసి విసరాలి. మెడకు, చంకలకు, గజ్జలకు తడిగుడ్డ పెట్టాలి. సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు.

గుర్తుంచుకుందాం
మరుగుకు పోవడం సిగ్గు కాదు. దాహం దాచుకుంటే ప్రాణానికి ముప్పు.

మాట్లాడుకుందాం
1. ప్రయాణంలో ఆడవాళ్లు నీళ్లు ఎందుకు తాగరు?
2. మీ ఊరి బస్టాండులో, సంతలో, జాతరలో ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉందా? లేకపోతే ఎవరిని అడగాలి?
3. ఓ.ఆర్.ఎస్. పొట్లం మీద ఏం రాసి ఉందో చదివి మీ పక్కవారికి చెప్పండి.