ఇంగ్లీషులో ఏ టెన్స్ ఎక్కడ వాడాలి?



మనలో చాలామందిమి తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్ళం. 12 టెన్స్‌ల పట్టిక బట్టీపట్టి, ఖాళీలు పూరించి మార్కులు తెచ్చుకుంటాం. ఇంటర్వ్యూలో నోరు తెరిచేసరికి మాత్రం ఏ టెన్స్ వాడాలో తోచదు. తెలుగులో ఒకే క్రియ చేసే పనికి ఇంగ్లీషులో రెండు రూపాలు ఉండటమే ఇందుకు ఒక ముఖ్య కారణం.

‘రోజూ వస్తాడు’ అంటాం, ‘రేపు వస్తాడు’ అనీ అంటాం. ఇంగ్లీషులో మొదటిది ‘హి కమ్స్’, రెండోది ‘హి విల్ కమ్’. అలాగే ‘నిన్న వచ్చాడు’ అంటే ‘హి కేమ్ యెస్టర్‌డే’. ‘వచ్చాడు, లోపల ఉన్నాడు’ అనే అర్థంలో అయితే ‘హి హాజ్ కమ్’.

కాబట్టి ముందు కాలాన్ని తెలిపే మాటను పట్టుకోవాలి. నిన్న, పోయిన ఏడాది, 2022లో అంటూ గడిచిపోయిన సమయం చెబితే సింపుల్ పాస్ట్ వాడాలి. ‘ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2022’ ఒప్పు. అక్కడ ‘హావ్’ చేర్చితే తప్పు. సంవత్సరం చెప్పకుండా డిగ్రీ పూర్తయిందని మాత్రమే చెప్పాలంటే ‘ఐ హావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ’ అనవచ్చు.

‘అయిదేళ్లుగా ఇక్కడ ఉంటున్నాను’ అనడానికి ‘ఐ యామ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అనేస్తుంటారు. ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనాలి. ఎంతకాలంగానో చెబితే ‘ఫర్’, ఎప్పటినుంచో చెబితే ‘సిన్స్’. ‘హావ్’ లేకుండా ‘ఐ లివ్డ్’ అంటే హాస్టల్ వదిలి వెళ్లిపోయినట్టు. అది మా పాత విద్యార్థులు చెప్పుకోవలసిన వాక్యం.

ఇంటర్వ్యూలో అమ్మానాన్నల గురించీ అడుగుతారు. ఇప్పటికీ కూలికి వెళ్తున్న అమ్మను ‘మై మదర్ వర్క్డ్ ఇన్ ద ఫీల్డ్స్’ అంటే, పని మానేసిందనో, అసలు అమ్మే లేదనో వినేవారు అనుకోవచ్చు. ‘మై మదర్ వర్క్స్ ఇన్ ద ఫీల్డ్స్’ అని తలెత్తుకుని చెప్పాలి.

మనలో ఎందరో ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్ళం. తప్పు దిద్దేవారు ఇంట్లో ఉండరు, కాబట్టి మనకు మనమే దిద్దుకోవాలి. స్టడీ అవర్‌లో ఇద్దరిద్దరుగా కూర్చుని నిన్న చేసిన పని, రోజూ చేసే పని, రేపు చేయబోయే పని ఒక్కో వాక్యంగా చెప్పండి. ఒకరు చెబుతుంటే రెండోవారు సరిచూడండి. రోజుకు పది నిమిషాలు చాలు.